తూలిన పాటగాడు, తూలని తాళం

మన పల్లెల్లో నిండు వయసులో పోయినవాళ్లను డప్పులు పెట్టి, చిందులేస్తూ సాగనంపడం వింతేం కాదు. కాథలిక్ చర్చిలో అలాంటిది చూడం. 2023 డిసెంబరు 8న ఐర్లండ్‌లో, టిప్పరరీ కౌంటీలోని నీనా అనే చిన్న పట్నంలో చూశారు. శవపేటిక ఎదురుగా ఉండగానే బ్యాండు వాయిస్తుంటే, ఆ ఇంటివాళ్లే లేచి బెంచీల మధ్య దారిలో నాట్యం చేశారు. పేటికలో ఉన్నది షేన్ మెక్‌గోవన్. వాయించినవాళ్లలో అతని పాత బ్యాండు పోగ్స్ సభ్యులున్నారు. పాట కూడా అతనిదే. క్రిస్మస్ రాత్రి ఒకరినొకరు నోటికొచ్చినట్టు తిట్టుకునే ఓ జంట పాట అది. చావింట్లో ఆ పాటేమిటని అక్కడ ఎవరూ అడగలేదు.

షేన్ పేరెత్తగానే ముందు తాగుడు గుర్తొస్తుంది, తర్వాత పళ్లు, ఆ తర్వాత ఎప్పటికో పాటలు. పళ్ల సంగతి ముందే తేల్చేద్దాం. చిన్న వయసులోనే పాడై, ఒక్కొక్కటే ఊడిపోయాయి. 2015లో టైటానియం ఆధారం మీద కొత్త పలువరస కట్టించుకున్నాడు, అందులో ఒకటి బంగారుది. ఆ వైద్యం మీద టీవీలో ఏకంగా డాక్యుమెంటరీ వేశారు. ఇక తాగుడు. అది వేషం కాదు, అతను దాచుకున్నదీ లేదు. అయితే తాగుబోతులు ఊరికి పదిమంది దొరుకుతారు, నలభై ఏళ్లు నిలిచే పాట కట్టేవాడు దొరకడు. పోగ్స్ పాటను విప్పి చూస్తే లోపల తాళం లెక్క చాలా గట్టిగా ఉంటుంది. పైకి కనిపించే తూలుడంతా ఆ లెక్కను పట్టుకునే తూలుతుంది. ఈ మాట చెప్పినప్పుడల్లా కొందరు నవ్వుతారు, అందుకే కాస్త వివరంగా చెప్పాలి.

పుట్టింది ఐర్లండ్‌లో కాదు. 1957 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ రోజున, ఇంగ్లండ్‌లోని కెంట్‌లో. తల్లిదండ్రులు ఐరిష్. చిన్నతనం నీనా దగ్గర తల్లి తరఫువాళ్ల పాత ఇంట్లో గడిచింది. జపమాల, బీరు, రాత్రిళ్లు పాట, అన్నీ ఒకే గదిలో నడిచే ఇల్లది. ఆరేళ్లు దాటాక ఇంగ్లండ్ తీసుకొచ్చేశారు. సాహిత్యంలో ఉన్న పట్టుకు వెస్ట్‌మినిస్టర్ స్కూల్లో స్కాలర్‌షిప్ వచ్చింది. అది లండన్‌లో పెద్దింటి పిల్లలు చదివే బడి. మాదకద్రవ్యాలతో పట్టుబడి రెండో ఏడే బయటికొచ్చాడు. 1976లో క్లాష్ బ్యాండు కచేరీలో చెవి నుంచి రక్తం కారుతున్న అతని ఫొటో సంగీత పత్రికల్లో అచ్చయి, పాడకముందే మొహం జనానికి తెలిసింది. తర్వాత నిప్స్ అనే పంక్ బ్యాండు నడిపాడు. పంక్ అంటే వేగంగా, మొరటుగా వాయించే రాక్ సంగీతం. అది పెద్దగా ఎక్కిరాలేదు.

పోగ్స్ 1982లో లండన్ కింగ్స్ క్రాస్ ప్రాంతంలో మొదలైంది. ఆ ఏడాది అక్టోబరు 4న పిండర్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ అనే పబ్బులో తొలి కచేరీ. అప్పటి పేరు పోగ్ మహోన్. ఐరిష్ భాషలో దానికి ‘నా పిర్రను ముద్దు పెట్టుకో’ అని అర్థం. ఇంగ్లిష్ వాళ్లకు తెలియలేదు గానీ స్కాట్లండ్‌లో గేలిక్ తెలిసినవాళ్లు పట్టేశారు. బీబీసీలో అభ్యంతరం రావడంతో 1984లో సగానికి కోసి పోగ్స్ అన్నారు. అర్థం కూడా సగమే మిగిలింది. ముద్దులు.

కొందరు సభ్యులకు ఐరిష్ సంగీతంలో గురువంటూ లేడు. జేమ్స్ ఫెర్న్‌లీ అంతకుముందు నిప్స్‌లో గిటారు వాయించాడు. పియానో తెలిసినవాడు కాబట్టి అకార్డియన్ చేతికిచ్చారు. పియానో అకార్డియన్‌లో కుడిచేతి పని మెట్లమీదే, ఎడమచేతి బొత్తాలూ తిత్తీ మాత్రం కొత్తగా నేర్చుకోవాలి. జెమ్ ఫైనర్ బాంజో. కాట్ ఒరియర్డన్ బేస్, చేరేనాటికి ఇంకా టీనేజి పిల్ల. ఆండ్రూ రాంకెన్ మొదట్లో పూర్తి డ్రమ్ సెట్టు వాడలేదు. నిలబడి, ఒక స్నేరు (చురుగ్గా మోగే చిన్న డ్రమ్ము), ఒక ఫ్లోర్ టామ్ (లోతుగా మోగే డ్రమ్ము), అంతే వాయించేవాడు. ఆ రెండే ఉండటం చాలా మేలు చేసింది. పాదంతో కొట్టే పెద్ద డ్రమ్మూ, పైన తాళాలూ ఆగకుండా మోగుతుంటే బాంజో, విజిల్ వినబడవు. చోటు ఖాళీగా ఉంది కాబట్టే పాత వాయిద్యాలు పంక్ వేగంలోనూ మునిగిపోలేదు.

స్పైడర్ స్టేసీ సంగతి మరీ చిత్రం. పాటగాడుగా రావాల్సినవాడు టిన్ విజిల్ పట్టుకున్నాడు. తొలినాళ్లలో బీరు గ్లాసులు మోసే రేకు పళ్లెం తీసుకుని, తాళానికి సరిగ్గా నెత్తిమీద కొట్టుకునేవాడు. చూసేవాళ్లకు పిచ్చి. చెవి పెట్టి వింటే ఆ దెబ్బలన్నీ స్నేరు దెబ్బ పడాల్సిన చోటే పడతాయి.

టిన్ విజిల్ గురించి నాలుగు మాటలు చెప్పకపోతే పోగ్స్ గురించి చెప్పినట్టు కాదు. అది చౌక వస్తువు. ఇత్తడి లేక రేకు గొట్టం, ఆరు రంధ్రాలు, ప్లాస్టిక్ మూతి. మన పిల్లనగ్రోవిలా అడ్డంగా పట్టరు, నిలువుగా కొసలో ఊదుతారు. ఊపిరిని అంచుమీదికి మళ్లించే పని మూతే చూసుకుంటుంది కాబట్టి మొదటిరోజే శబ్దం వస్తుంది. మామూలుగా వాడేది డి శ్రుతిది. ఆరు రంధ్రాలూ మూస్తే షడ్జం. కింది నుంచి వేళ్లు ఒక్కొక్కటే లేపుతూ పోతే వచ్చేది శంకరాభరణం స్వరాలే. పైనున్న మొదటి రంధ్రం తెరిచి, రెండోదీ మూడోదీ మూస్తే నిషాదం తగ్గి హరికాంభోజి అవుతుంది. ఐరిష్ బాణీల్లో ఆ తగ్గిన నిషాదం పని చాలా ఉంది. పైస్థాయికి వేరే వేళ్లు అక్కర్లేదు, అదే పట్టులో గట్టిగా ఊదాలి. చిక్కంతా అక్కడే. కొత్తవాళ్లు భయపడి సగం ఊదుతారు, స్వరం కిందికీ పైకీ కాకుండా కీచుమంటుంది. వేలి కొన కాకుండా వేలి మెత్తని భాగం ఆనకపోతే సందులోంచి గాలిపోయి మళ్లీ కీచు. ఇంకోటి, పది నిమిషాలు వాయించాక ఊపిరి తేమ మూతి లోపల చేరి గొంతు బొంగురుపోతుంది. మూతి మీదున్న కిటికీలాంటి కంతను వేలితో మూసి ఒక్కసారి బలంగా ఊదితే తేమ బయటికి పోతుంది. చల్లటి హాల్లో విజిల్ శ్రుతి దిగుతుంది, వాయించేకొద్దీ వెచ్చబడి ఎక్కుతుంది. పాట మొదలుకాకముందే చేతుల్లో పట్టుకుని కాసేపు వెచ్చజేస్తే సగం గొడవ తప్పుతుంది.

ఇలాంటి బ్యాండు కట్టబోయి చాలామంది బోల్తాపడే చోటు మరొకటుంది, జిగ్. ఐరిష్ నాట్య బాణీల్లో రీలు నాలుగు లెక్క, జిగ్ ఆరు. ఆరంటే ‘తకిట తకిట’, పెద్ద అడుగులు రెండు, ఒక్కో అడుగులో మూడు అక్షరాలు. దీన్ని పంక్ వేగానికి తీసుకెళ్తే ముందు తెగేది మధ్య అక్షరం. ‘త-కిట’ కాస్తా ‘త--ట’ అయి, నాట్యం పోయి కుంటినడక మిగులుతుంది. పోగ్స్‌లో ఆ మధ్య అక్షరాన్ని బాంజో మోస్తుంది. డ్రమ్ముకు పెద్ద అడుగులు, బాంజోకు చిన్నవి, మధ్యలో ఖాళీలు నింపడం అకార్డియన్ పని. 1984లో వచ్చిన మొదటి ఆల్బమ్‌ను హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి, ఈ పంపకం విడివిడిగా వినబడుతుంది.

మైకుల బాధ వేరు. అకార్డియన్, విజిల్, బాంజో మూడూ డ్రమ్ముల పక్కనే మైకు పెట్టుకుని వాయించాల్సినవి. స్పీకరు శబ్దం మైకులో పడి మళ్లీ స్పీకర్లోకి వెళ్తే కూత మొదలవుతుంది. శబ్దం సరిపోలేదని పెంచేకొద్దీ కూత పెరుగుతుంది. దీనికి మందు శబ్దం పెంచడం కాదు, మైకును వాయిద్యానికి దగ్గర చేయడం, డ్రమ్ములు తగ్గించడం.

1985లో రెండో ఆల్బమ్‌ను గాయకుడు ఎల్విస్ కాస్టెల్లో దగ్గరుండి చేయించాడు. పనిమంతుడైన ప్రొడ్యూసర్ ఎవరో వచ్చి నునుపు చేసి చెడగొట్టకముందే, వీళ్లను చిందరవందరగా ఉన్నదున్నట్టు పట్టుకోవడమే తన పనన్నాడు. అదే చేశాడు. ఆ మీద కాట్‌ను పెళ్లాడాడు, ఆమె 1986లో బ్యాండు వదిలింది. బేస్‌కు డారిల్ హంట్ వచ్చాడు. ఫిలిప్ షెవ్రాన్ గిటారు. టెర్రీ వుడ్స్ సిటర్న్ (మాండలిన్‌లాంటి తీగవాయిద్యం), మాండలిన్. ఈయన స్వీనీస్ మెన్ అనే ఐరిష్ జానపద బృందంలో వాయించిన సంప్రదాయం మనిషి. ఆయన రాకతో, ‘వీళ్లకు ఐరిష్ సంగీతం రాదు, తాగి అల్లరి చేస్తారు’ అనే పండితుల నోళ్లు కొంత మూతపడ్డాయి. 1987లో ఐరిష్ జానపద బృందం డబ్లినర్స్‌తో కలిసి పాడిన పాట ఐర్లండ్ చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లాక మిగతావీ మూతపడ్డాయి.

ఇప్పుడు ఆ క్రిస్మస్ పాట, ‘ఫెయిరీటేల్ ఆఫ్ న్యూయార్క్’. ఒక్క రాత్రి తాగి రాసినట్టుంటుంది గానీ, కట్టడానికి రెండేళ్లు పైగా పట్టింది. మొదట జెమ్ ఫైనర్ ఓ బాణీ తెచ్చాడు, సముద్రం చూస్తూ ఇంటిని తలుచుకునే నావికుడి కథతో. ఫైనర్ భార్యకు అది నచ్చలేదు, పండగపూట గొడవపడే మొగుడూ పెళ్లాల కథ చెప్పమంది. పాట అక్కడ మలుపు తిరిగింది. షేన్ మాటలు రాస్తూ, చెరిపేస్తూ, మళ్లీ రాస్తూ పోయాడు. మొదలుపెట్టేనాటికి అతను న్యూయార్క్ చూడనే లేదు, 1986లో కచేరీలకు వెళ్లినప్పుడే చూశాడు. అదే ఏడాది మొదట్లో కాట్ గొంతుతో ఒకసారి రికార్డు చేసి పక్కన పడేశారు.

అసలు చిక్కు లెక్కలో ఉంది. పాట రెండు ముక్కలు. మొదటిది పియానో మీద నెమ్మదిగా నడిచే పరిచయం, రెండోది ఆరు లెక్కలో ఊగే నాట్యం. రెంటినీ ఒకే ఊపులో వాయిస్తే అతుకు దగ్గర ప్రతిసారీ జారింది. 1987లో ప్రొడ్యూసర్ స్టీవ్ లిల్లీవైట్ చెప్పిన ఉపాయం చాలా మామూలుది, రెండు ముక్కలూ విడివిడిగా రికార్డు చేసి టేపు అతికించడం. ఆడగొంతు ఎవరిదన్నది ఇంకా తేలలేదు. లిల్లీవైట్ టేపు ఇంటికి తీసుకెళ్లి, తన ఇంటి స్టూడియోలో భార్య కర్స్టీ మెకాల్ చేత నమూనాకని పాడించి తెచ్చాడు. విన్నాక ఇంకెవర్నీ వెతకలేదు. అది విని షేన్ తన గొంతు మళ్లీ పాడాడు. అంటే అంత పోట్లాట పోట్లాడిన జంట రికార్డులో ఒకే మైకు ముందు నిలబడనే లేదు. తీగవాయిద్యాల కూర్పు ఫియాక్రా ట్రెంచ్‌ది.

వీడియో ముచ్చట్లు కూడా ఇలాంటివే. పియానో మీద కదిలే వేళ్లు షేన్‌వి కావు. ఫెర్న్‌లీ అతని ఉంగరాలు పెట్టుకుని వాయించాడు. పాటలో న్యూయార్క్ పోలీసుల గాయకబృందం ప్రస్తావన ఉంది గానీ, ఆ పోలీసులకు అలాంటి బృందమే లేదు, ఉన్నది పైపులూ డ్రమ్ముల బ్యాండు. వీడియోకు వాళ్లనే పిలిచారు. పాటలో చెప్పిన ఐరిష్ పాట వాళ్లకు రాదు. అందరికీ నోటికొచ్చిన పాట ఒక్కటే తేలింది, మిక్కీ మౌస్ క్లబ్బు అనే పిల్లల టీవీ కార్యక్రమానిది. తెరమీద వాళ్ల పెదాలు కదిలేది దానికే.

ఆ క్రిస్మస్‌కు ఐర్లండ్‌లో మొదటి స్థానం, బ్రిటన్‌లో రెండోది. పై స్థానం పెట్ షాప్ బాయ్స్ అనే బృందం తన్నుకుపోయింది. 2005 నుంచి మాత్రం ఏటా డిసెంబరులో బ్రిటన్ చార్టుల్లోకి తిరిగొస్తూనే ఉంది. డబ్లిన్‌లో ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, డిసెంబరులో ఏ దుకాణంలో కాలుపెట్టినా చెవిలో పడేది ఇదే. పాటలోని రెండు తిట్లను 2007లో బీబీసీ రేడియో వన్ వినబడకుండా చేసి, గోల లేచేసరికి అదే రోజు వెనక్కి తగ్గింది. 2020లో మళ్లీ మార్చిన పాఠం వేసింది. పాడేది పతనమైన మనుషులు, వాళ్ల నోట అలాంటి మాటే వస్తుందని షేన్ వివరణ. ఆ మాటల్లో ఒకటి ఈరోజు గుచ్చుకుంటుందన్నదీ నిజమే. కర్స్టీ కూడా తర్వాత ఓ టీవీ కార్యక్రమంలో దాన్ని మార్చే పాడింది. మారిస్తే పాట కూలిపోదు.

మరి ఇతర పాటలు? ‘డర్టీ ఓల్డ్ టౌన్’ డబ్లిన్ పాటని చాలామంది ప్రమాణం చేసి చెబుతారు. అది ఇంగ్లండ్‌లోని సాల్ఫర్డ్ ఊరి మీద 1949లో ఈవన్ మెకాల్ రాసింది. ఆయన కర్స్టీకి తండ్రి. నాలుగు కార్డ్‌లు (కలిపి మీటే స్వరాల పట్టులు) వస్తే గిటారు మీద వాయించేయొచ్చు, అందుకే పబ్బుల్లో అంత నలిగింది. వలసపోయినవాళ్ల ఓడల పాట, ‘థౌజండ్స్ ఆర్ సెయిలింగ్’, షేన్‌ది కాదు, షెవ్రాన్‌ది. 1980లలో ఐర్లండ్‌లో పనుల్లేక కుర్రాళ్లు లండన్‌కూ అమెరికాకూ పోతున్న రోజులవి. దుబాయి బతుకుల మీద కట్టిన తెలంగాణ పాటలు విన్న చెవికి దీన్ని ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

లండన్‌లో ఐరిష్ యాస వినబడితే పోలీసులు అనుమానంగా చూసే కాలం కూడా అదే. 1974 బర్మింగ్‌హామ్ పబ్బు బాంబు పేలుళ్ల కేసులో చేయని నేరానికి ఆరుగురు జైల్లో మగ్గుతుంటే, 1988 ఆల్బమ్‌లో పోగ్స్ వాళ్ల పేరుమీదే పాట పెట్టింది. ఆ ఏడాదే బ్రిటన్ ప్రసార నియంత్రణ సంస్థ దాన్ని రేడియోలో, టీవీలో నిషేధించింది. 1991 మార్చిలో ఆ ఆరుగురి శిక్షలు రద్దయి బయటికొచ్చారు. తాగుబోతు బ్యాండని కొట్టిపారేసినవాళ్లు ఈ ముక్క ఎత్తరు.

తాగుడు ఏం చేసిందో అదీ చెప్పాలి, దాన్ని ముద్దుచేయడం తగదు. అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్‌కు ముందు వాయించే అవకాశమొచ్చిన అమెరికా కచేరీలకే షేన్ హాజరు కాలేదు. 1989, 1990 ఆల్బమ్‌లలో గొంతు పలచబడింది, మాటలు ముద్దకట్టాయి. రెండోదాన్ని క్లాష్ పాటగాడు జో స్ట్రమ్మర్ కూర్చోబెట్టి చేయించాడు కాబట్టి ఆమాత్రం నిలబడింది. 1991లో జపాన్ పర్యటనలో తోటివాళ్లే వెళ్లిపొమ్మన్నారు. ఇన్నాళ్లెందుకు ఆగారని అడిగాడంటారు. ఆ స్థానంలో కొన్నాళ్లు స్ట్రమ్మర్ పాడాడు, తర్వాత స్పైడర్. 1996కు బ్యాండు ఆగిపోయింది. షేన్ పోప్స్ అనే మరో బ్యాండుతో 1994లో, 1997లో ఆల్బమ్‌లు తెచ్చాడు. 1999లో హెరాయిన్ వాడుతున్నాడని ఐరిష్ గాయని షినేడ్ ఓకానర్ పోలీసులకు చెప్పింది. అప్పుడు మండిపడ్డా, ఆ దెబ్బతోనే అది వదిలిందని తర్వాత ఆమెకు కృతజ్ఞత చెప్పుకున్నాడు. 2001 నుంచి 2014 దాకా పాతవాళ్లంతా మళ్లీ కలిసి వాయించారు. ఆ కచేరీల్లో షేన్ మధ్యమధ్య లోపలికి వెళ్లేవాడు, ఆ సందులో మిగతావాళ్లు ఒక్కో పాట అందుకునేవాళ్లు. 2015లో పడి కటి ఎముక విరిగాక చక్రాల కుర్చీయే గతయింది. 2023 నవంబరు 30న న్యుమోనియాతో పోయాడు. ఇంకో 25 రోజులుంటే 66 నిండేవి.

ఈ పాటలు పాడాలనుకునేవాళ్లకు ఒకటే హెచ్చరిక. షేన్ ముద్దమాటను అనుకరించొద్దు. అతను మాట మింగినా అక్షరం పడాల్సిన చోట పడుతుంది, కొన్నిసార్లు కావాలని రవ్వంత ఆలస్యంగా. అనుకరించేవాళ్లు మాటతోపాటు తాళాన్నీ మింగేస్తారు. ముందు మాటలు స్పష్టంగా, పొడిగా, వేలుతో బల్లమీద ఆరు లెక్క కొట్టుకుంటూ చదవండి. ‘ఫెయిరీటేల్’ మూలం డి లోనే ఉంది, మామూలు మగగొంతుకు అందుతుంది. ఆడగొంతు వచ్చేచోట చాలామంది వేగం పెంచేస్తారు. అక్కడ పెరగాల్సింది కోపం, వేగం కాదు. కర్స్టీ ఒక్కో తిట్టును అద్దం తుడిచినట్టు పలుకుతుంది, షేన్ నలిగిన గొంతు పక్కన అది పదునెక్కుతుంది. ఇద్దరూ మొరటుగా అరిస్తే పోట్లాట వినబడుతుంది గానీ పాట వినబడదు. పియానో పరిచయం దగ్గర తొందర వద్దు, అక్కడ నిదానంగా ఉంటేనే నాట్యం మొదలైనప్పుడు పాదం లేస్తుంది.

రేడియోవాళ్లు మాటలు అయిపోగానే పాట కోసేసి ప్రకటనల్లోకి పోతారు. ఇంట్లో వినేటప్పుడు ఆపొద్దు. తిట్లు, ఏడుపు, బతిమాలడం అన్నీ అయ్యాక వయొలిన్లు అదే బాణీని ఇంకాసేపు తిప్పుతాయి, తకిట, తకిట. ఆ ఇద్దరూ కలిసిందీ లేనిదీ షేన్ ఎక్కడా రాయలేదు.